బడికి ప్రాణులను తేవాలనుకునే కొత్త టీచరుకు

ములుగు వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో ఈమధ్యే చేరానని, మూడు తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయని, పిల్లలకు పుస్తకం తీయాలంటేనే ఇష్టం లేదని మీరు రాశారు. సొంత డబ్బుతో ఒక జత కుందేళ్లు, ఒక లవ్‌బర్డ్స్ పంజరం కొని గదిలో పెట్టాలనుకుంటే హెడ్మాస్టర్ గారు వద్దంటున్నారనీ, ఆయన్ను ఎలా ఒప్పించాలనీ అడిగారు.

తమ్ముడూ, మీ ఆలోచన చాలా మంచిది. కానీ కుందేళ్లు కొనకండి. పంజరం అసలే వద్దు. వరంగల్ జిల్లా పల్లె బడుల్లో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. మొదట ఎస్జీటీగా, అంటే సెకండరీ గ్రేడ్ టీచరుగా చిన్న పిల్లలకు, తర్వాత హైస్కూల్లో బయాలజీ చెప్పాను. ఈ విషయంలో చేసిన తప్పు, చేతికొచ్చిన పద్ధతులు రెండూ చెప్తాను.

నేనూ పంజరంతోనే మొదలుపెట్టాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది నాలుగు లవ్‌బర్డ్స్ తెచ్చి కిటికీ దగ్గర వేలాడదీశాను. మొదటి వారం పిల్లలు చుట్టూ మూగారు. రెండో వారం గింజలు వేసే వంతు ఎవరిదని కొట్లాడుకున్నారు. నెల తిరిగేసరికి ఎవరూ తలెత్తి చూడలేదు. ఇంతలో బతుకమ్మ, దసరా సెలవులు వచ్చాయి. పంజరం తీసుకెళ్తానన్న అబ్బాయి ఇంట్లోవాళ్లు ముందు రోజే ఊరెళ్లిపోయారు. ఇంకెవరో చూసుకుంటారులే అనుకుని నేనూ బస్సెక్కేశాను. సెలవులు అయ్యాక తలుపు తీస్తే రెండు పిట్టలు పంజరం అడుగున చచ్చి పడి ఉన్నాయి. నా వెనకే ఇద్దరు పిల్లలు నిలబడి చూస్తున్నారు. వాళ్ల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే.

అప్పటి నుంచి ఏ ప్రాణి బడిలోకి రావాలన్నా ముందు నన్ను నేను అడుగుతాను: సెలవుల్లో దీన్ని ఎవరు చూసుకుంటారు? పేరుతో సహా జవాబు లేకపోతే అది రాదు. ఇంకోటి ఆలస్యంగా అర్థమైంది. ఆ పిట్టల దగ్గర పిల్లలు ఎదురుచూడడానికి ఏమీ లేదు. నిన్న ఎలా ఉన్నాయో ఇవాళా అలాగే ఉన్నాయి. ముద్దుగా ఉన్న జంతువును చూసి పిల్లలు సంబరపడతారు, నిజమే. ఆ సంబరం చదువు వైపు తిరగాలంటే రేపు ఏమవుతుందో తెలుసుకోవాలన్న ఆత్రం ఉండాలి. ఆ ఆత్రం ఉంటే కుందేలు అక్కర్లేదు, కోడిగుడ్డు చాలు.

ఆ గుడ్డు సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మీరు ముందుగా చేయగలిగేది అదే.

ఒక రోజు మధ్యాహ్న భోజనం దగ్గర మూడో తరగతి పిల్ల ఉడికిన గుడ్డు ఒలుచుకుంటూ అడిగింది: "మేడం, మా అవ్వ కోడి కింద పెట్టిన గుడ్డు పిల్లయితది గదా, గీ గుడ్డు ఎందుకు కాదు?" జవాబు నా నోటి దాకా వచ్చింది. ఫారంలో పెట్టలు పుంజు లేకుండానే గుడ్లు పెడతాయి, అలాంటి గుడ్డులో పిల్ల తయారవదు. రెండు వాక్యాల్లో అయిపోయేది, ప్రశ్న కూడా అక్కడే ఆగిపోయేది. "పెట్టి చూద్దామా?" అన్నాను.

ఆ పిల్ల అవ్వే పొదుగుకొచ్చిన కోడిని గంపతో సహా తెచ్చిచ్చింది. వాళ్ల ఇల్లు బడికి ఎదురుగానే, కాబట్టి ఆదివారాల బాధ్యత కూడా ఆమెదే. సామాన్ల గది మూలన గంపలో వరిగడ్డి పరిచి పదకొండు గుడ్లు పొదగేశాం. తొమ్మిది ఊళ్లో నాటుకోడి గుడ్లు, రెండు కొట్లో కొన్న ఫారం గుడ్లు. అన్నిటి మీదా పెన్సిల్‌తో నంబర్లు వేశాం. ఏవి పిల్లలవుతాయో ముందే చీటీల మీద రాయించి డబ్బాలో వేయించాను. సగం మంది ఫారం గుడ్లు కూడా అవుతాయనే రాశారు.

ఒక గుడ్డును రోజూ తూచాలని నిర్ణయించాం, ఆదివారాలు వదిలేసి. ఇంట్లో వంటకు వాడే చిన్న డిజిటల్ కాటా తెచ్చాను. మొదటి రోజు 46 గ్రాములు. లోపల పిల్ల పెరుగుతుంది కాబట్టి బరువు పెరుగుతుందని అందరూ అన్నారు. నాలుగు రోజులకు 45 అయింది. కాటా పాడైందన్నారు. సుద్దముక్కల డబ్బా పెట్టి పరీక్షించారు, కాటా బాగానే ఉంది. పద్దెనిమిదో రోజుకు గుడ్డు 41 గ్రాములకు దిగింది. లోపల ప్రాణి పెరుగుతుంటే బరువు ఎందుకు తగ్గుతోందన్న ప్రశ్న మూడు వారాల పాటు ఆ గదిని వదల్లేదు. గుడ్డు పెంకుకు వేల సన్నటి రంధ్రాలు ఉంటాయి. వాటి గుండా గాలి లోపలికి వెళ్తుంది, నీరు ఆవిరై బయటికి పోతుంది. పొదిగే కాలంలో గుడ్డు తన బరువులో సుమారు పన్నెండు శాతం దాకా ఇలా పోగొట్టుకుంటుంది. ఐదో తరగతి వాళ్లకు శాతాలు అంతకు ముందు నెలంతా చెప్పాను, తలకెక్కలేదు. 46లో 5 పోతే ఎంత శాతమో ఆ రోజు వాళ్లంతట వాళ్లే కట్టుకొచ్చారు.

ఏడో రోజు గది కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేశాం. చార్ట్ పేపర్‌ను గొట్టంలా చుట్టి, ఒక చివర ఫోన్ టార్చ్, రెండో చివర గుడ్డు పెట్టాం. లోపల ఎర్రటి నరాలు సాలీడు కాళ్లలా చాచుకుని ఉన్నాయి, మధ్యలో ఒక నల్లటి చుక్క కదులుతోంది. గుండె మూడో రోజుకే కొట్టుకోవడం మొదలవుతుందని చెప్పాను. ఒక పిల్ల తన చెయ్యి తీసి ఛాతీ మీద పెట్టుకుంది. ఫారం గుడ్లు రెండూ ఖాళీగా, తేటగా కనిపించాయి. మూడో తరగతి పిల్ల ప్రశ్నకు జవాబు దొరికింది. అయితే నాటుగుడ్లలో కూడా ఒకటి తేటగానే ఉంది. అదెందుకు కాలేదు? ఈసారి పిల్లలు నన్ను అడగలేదు, నేరుగా అవ్వ దగ్గరికి పరుగెత్తారు. గుడ్డు పెట్టి చాలా రోజులైతే పిల్ల కాదని ఆమె చెప్పింది. పుస్తకం కూడా అదే చెప్తుంది.

ఇరవై ఒకటో రోజు, శనివారం మధ్యాహ్నం. గుడ్డుకు చెవి ఆనించిన అబ్బాయి ఒక్కసారిగా వెనక్కి జరిగాడు: "మేడం, లోపల్నే ఒర్లుతుంది!" సాయంత్రానికి పెంకు మీద చిన్న నెర్రె పడింది. మర్నాడు ఆదివారం. నేను ఎనిమిదింటికి తాళం తీయడానికి వెళ్తే గేటు దగ్గర పద్నాలుగు మంది నిలబడి ఉన్నారు. బడికి రమ్మని నేను ఇంటింటికీ తిరిగి పిలిచిన పిల్లలు వాళ్లలో ముగ్గురున్నారు.

పెంకు ఒలిచి సాయం చేద్దామని అందరూ అడిగారు. చేయనివ్వకండి. నెర్రె పడ్డాక కూడా పిల్ల బయటికి రావడానికి పన్నెండు గంటలు, ఒక్కోసారి రోజంతా పడుతుంది. ఆ సమయంలో మిగిలిన పచ్చసొన కడుపులోకి చేరుతుంది, పెంకు లోపలి పొర నరాల్లో రక్తం వెనక్కి వెళ్తుంది. తొందరపడి ఒలిస్తే రక్తం కారి పిల్ల చచ్చిపోతుంది. ఇది చెప్పాక చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నారు.

ఏడు పిల్లలు బయటికొచ్చాయి. ఒకటి పూర్తిగా తయారై పెంకులోనే చచ్చిపోయింది. దాన్ని దాచేద్దామని నాకూ అనిపించింది. దాచలేదు. చచ్చిపోయిందనే చెప్పాను, "నిద్రపోయింది", "దేవుడి దగ్గరికెళ్లింది" అనలేదు. ఇద్దరు ఏడ్చారు. జామచెట్టు కింద గుంట తీసి పెట్టాం. పల్లె పిల్లలు చావును ఇంటి దగ్గర చూస్తూనే ఉంటారు, వాళ్లతో దాని గురించి కూర్చుని మాట్లాడేవాళ్లు తక్కువ. ఆ పూట పాఠం ఏమీ చెప్పలేదు, వాళ్లడిగిన వాటికి జవాబులిచ్చాను.

తర్వాతి వారం తెలుగు పీరియడ్‌లో దీని గురించి రాయమన్నాను. మూడు లైన్లు దాటని అమ్మాయి ఒక పేజీ నింపింది. అందులో ఒక మాట: "పిల్ల ముక్కు మీద తెల్లటి ముల్లు ఉంది. మంగళవారం చూస్తే లేదు." పెంకు పగలగొట్టడానికి మాత్రమే వచ్చే ఆ చిన్న ముల్లు కొద్ది రోజుల్లో రాలిపోతుంది. నేను దాని గురించి చెప్పనే లేదు. తనే చూసి రాసింది. కోడిపిల్లలు పుట్టిన ఏడో రోజున మండలం నుంచి పశువైద్యుడిని పిలిపించాం. కొక్కెర తెగులు రాకుండా వాటి కళ్లలో చుక్క మందు వేశారు. టీకా అంటే ఏమిటో ఆ పూట నేను వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇంత చెప్పాను కాబట్టి కోడి ఒక్కటే దారి అనుకోకండి. మీ గదిలో కూర్చున్న పిల్లల్లో కొందరికి జంతువుల గురించి మనకంటే ఎక్కువ తెలుసు, వాళ్లను వెతకండి. ఐదో తరగతిలో నాకు ఒక అబ్బాయి ఉండేవాడు. జీవాలు మేపే ఇల్లు. చదవడం సరిగా రాదు, లేచి నిలబడితే తల వంచుకుని నేల చూసేవాడు. ఒక రోజు వాళ్ల మేకను గంటసేపు బడికి తెమ్మన్నాను. చెట్టు కింద దాని దవడ పట్టుకుని నోరు తెరిచి అందరికీ చూపించాడు. పై దవడకు ముందు పళ్లు లేవు. నాకే అది అంత దగ్గరగా చూడటం మొదటిసారి. "గిది రెండు పండ్లది, ఏడాది దాటింది. నాలుగు పండ్లయితే రెండేండ్లు" అన్నాడు. వాడు చెప్తుంటే నేను బోర్డు మీద పట్టిక రాశాను: ఒకవైపు పళ్లు, ఒకవైపు వయసు. చూడి ఐదు నెలలని చెప్పాడు. ఉగాదికి ఈనాలంటే ఏ నెలలో కట్టాలో లెక్కేయమని మిగతావాళ్లకు వాడే ప్రశ్న ఇచ్చాడు. తర్వాత మేక నెమరేస్తుంటే ఒక్కో ముద్దను ఎన్నిసార్లు నములుతుందో గుంపులుగా లెక్కపెట్టారు. ఒకరికి 48, ఒకరికి 53, ఇంకొకరికి 51. ఏది సరైనదని గొడవ పడితే సగటు అక్కడే మొదలుపెట్టాను.

ఆ అబ్బాయి ఆ తర్వాత మొదటి బెంచీలోకి మారాడు. ఎవరూ మార్చలేదు, తనే వచ్చి కూర్చున్నాడు. చదవడం మాత్రం ఒక్క రోజులో రాలేదు, ఏడాది పట్టింది. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీలో 1999లో ఒక పద్ధతి మొదలైంది. చదవడానికి భయపడే పిల్లలు శిక్షణ ఇచ్చిన కుక్క పక్కన కూర్చుని దానికి పైకి చదివి వినిపిస్తారు. కుక్క నవ్వదు, తప్పు దిద్దదు, మధ్యలో ఆపదు. అది చదివాక ఈ అబ్బాయికి ఒక పని చెప్పాను: సాయంత్రం దొడ్లో మేకపిల్లల దగ్గర కూర్చుని ఒక పేజీ గట్టిగా చదువు. మన దగ్గర శిక్షణ ఉన్న కుక్కలు ఎక్కడివి? మేకపిల్లలతోనే పని జరిగింది.

ఇక ఖర్చే లేనివి. జూన్‌లో బడి తెరిచేసరికి మృగశిర కార్తె, కొన్నాళ్లకే ఆరుద్ర కార్తె. మొదటి వానలకు ఎర్రమట్టి మీద ఆరుద్ర పురుగులు తిరుగుతాయి. పిల్లలు అగ్గిపెట్టెల్లో పెట్టుకుని బడికి తెస్తారు. లాక్కోకండి. పళ్లెంలో కొంచెం తడి మట్టి పోసి, అందులో వదిలి, భూతద్దం ఇచ్చి కాళ్లు లెక్కపెట్టమనండి. ఎనిమిది వస్తాయి. చీమకు, ఈగకు ఆరే కదా. అయితే ఇది పురుగు కాదా? సాలీడు, తేలు ఉన్న వర్గానికి చెందిందని అక్కడి నుంచి తీసుకెళ్లవచ్చు. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని కదలకుండా ఎందుకు పడుకుంటుంది, మిగతా ఏడాదంతా ఎక్కడుంటుంది, ఇలా నాలుగు రోజులు నడుస్తుంది. బడి వదిలేలోపు తెచ్చిన చోటే వదిలేయాలి. ఈ ఒక్క నియమం దగ్గర నేను గట్టిగా ఉండేదాన్ని.

పత్తి, మిర్చి పండించే ఊరైతే అక్షింతల పురుగు చూపించండి. పేనుబంక పట్టిన చిక్కుడు కొమ్మను గాజు సీసాలో పెట్టి, పైన పల్చటి గుడ్డ కట్టి, అక్షింతల పురుగు పిల్లను వదలండి. అది చూడ్డానికి ఎదిగిన అక్షింతల పురుగులా ఉండదు, నల్లగా, పొడుగ్గా, చిన్న మొసలిలా ఉంటుంది. అందుకే చాలామంది రైతులు అదే తెగులనుకుని మందు కొడతారు. ఒక్కో పురుగు వందల పేనుబంకను తినేస్తుంది. ఒక పిల్ల ఆ సీసాను ఇంటికి తీసుకెళ్లి వాళ్ల నాన్నకు చూపించింది. మర్నాడు ఆయన బడికొచ్చి, దీన్నే ఇన్నాళ్లూ చంపుతున్నామే అని నాతో చాలాసేపు మాట్లాడి వెళ్లాడు. భూపాలపల్లి జిల్లా మహదేవ్‌పూర్ వైపు బంధువులున్న పిల్లలుంటే దసలి పట్టు గూళ్లు తెప్పించుకోవచ్చు. మద్ది ఆకు తిని పెరిగే ఆ పురుగు కట్టిన గూడు పిల్లల చేతిలో పెడితే చాలు, ప్రశ్నలు అవే వస్తాయి.

కొన్నిటిని చూడ్డమే, తేవడం కాదు. పాలపిట్ట మన రాష్ట్ర పక్షి. దసరా రోజు చూస్తే మంచిదని దాన్ని పట్టి పంజరంలో పెట్టి ఊరూరా తిప్పేవాళ్లు ఉన్నారు. మీ పిల్లలకు కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్టను చూపించండి. కూర్చున్నప్పుడు మట్టి రంగు, రెక్క విప్పితే నీలం. పురుగు కోసం పొలంలోకి దూకినప్పుడు ఆ నీలం మెరుస్తుంది. అది ఒక్కసారి చూసిన పిల్లలు పంజరంలో పాలపిట్టకు దండం పెట్టడానికి డబ్బులివ్వరు. హన్మకొండ హంటర్ రోడ్డులో కాకతీయ జూ పార్కుకు టూర్ తీసుకెళ్తే అన్నీ చూపించాలని తిప్పకండి. ఇద్దరికి ఒక జంతువు అప్పజెప్పి దాని ముందే ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి. ఏం చేసిందో, ఎన్నిసార్లు చేసిందో రాయమనండి.

జాగ్రత్తల విషయంలో మాత్రం మొహమాటం వద్దు. రామచిలుక, నక్షత్ర తాబేలు, నెమలి, ఉడుము లాంటివి బడిలో పెంచకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. ఎవరైనా పిల్లవాడు చిలుక పిల్లను తెస్తే అటవీశాఖ వాళ్లకు చెప్పండి. వీధి కుక్కపిల్లలను గదిలోకి రానివ్వకండి, ఎంత ముద్దొచ్చినా సరే. కుక్క కరిచినా, గీరినా వెంటనే పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే టీకా కోసం ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఇది పిల్లలకు ఎక్కం లాగా నోటికి రావాలి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతకడం దాదాపు ఉండదు. పసుపు, సున్నం పెట్టి ఊరుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కోడిపిల్లను ముట్టుకున్నా సబ్బుతో చేతులు కడగాలి, ముఖ్యంగా భోజనానికి ముందు. ఆయాసం ఉన్న పిల్లలెవరో ముందే కనుక్కోండి.

మీ హెడ్మాస్టర్ గారి భయం నిజమైనదే, ఆయన్ను వ్యతిరేకిగా చూడకండి. ఏదైనా జరిగితే సమాధానం చెప్పాల్సింది ఆయనే. ఒక కాగితం మీద రాసివ్వండి: ఏ ప్రాణి, ఎక్కడి నుంచి, ఎన్ని రోజులు, సెలవు రోజుల్లో ఎవరు, చేతులు కడగడానికి సబ్బు, నీళ్లు ఎక్కడ, ఏ పాఠానికి పనికొస్తుంది. తల్లిదండ్రుల సంతకాలు తీసుకోండి. "కోళ్లు పెంచడానికి బడికి పంపుతున్నామా?" అని నన్నూ ఒక తండ్రి అడిగాడు. వాదించలేదు. వాళ్ల అమ్మాయి నోట్‌బుక్‌లో గుడ్డు బరువుల పట్టిక, తను గీసిన గ్రాఫ్ తెరిచి ముందు పెట్టాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, ఇది మా పాపే గీసిందా అన్నాడు. కుందేళ్లకు వద్దన్న మీ హెడ్మాస్టర్ గారు ఇరవై ఒక్క రోజుల కోడికి, అదీ ఊళ్లో అవ్వ బాధ్యత తీసుకుంటానంటే, చాలావరకు ఒప్పుకుంటారు.

మొదటి నెల ఏ ప్రాణినీ తేకండి. పిల్లలు దారిలో ఏం చూశారో రోజూ పొద్దున పది నిమిషాలు చెప్పనివ్వండి, బోర్డు మీద రాయండి. ఎవరింట్లో ఏముందో, ఎవరు దేని గురించి గంటసేపు మాట్లాడగలరో మీకే తెలుస్తుంది. ఎండాకాలం గుడ్లు పొదగేయకండి, మురిగిపోతాయి. దసరా సెలవులు అయ్యాక చలికాలం బాగుంటుంది, సంక్రాంతి సెలవులు మధ్యలో పడకుండా చూసుకోండి. మాలాగా శనివారం కాకుండా మంగళవారం సాయంత్రం పొదగేయండి. మూడు వారాలకు మళ్లీ మంగళవారమే వస్తుంది, ఒక రోజు అటూ ఇటూ అయినా పిల్లలు బడిలో ఉండగానే పెంకు పగులుతుంది. రెండు ఫారం గుడ్లు కలపడం మర్చిపోకండి, పెన్సిల్‌తోనే గుర్తు పెట్టండి, స్కెచ్ పెన్ వద్దు.